ఊబకాయానికి చికిత్స: నడక నుంచి సర్జరీ దాకా ఏది ఎవరికి?

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో కొండగట్టు వస్తుంది. ఆ చుట్టుపక్కల మల్యాల, కొడిమ్యాల మొదలుకొని కోరుట్ల, మెట్‌పల్లి దాకా చాలా ముస్లిం కుటుంబాల్లో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే ఆడవాళ్లు ఇంట్లో చాట ముందు కూర్చుని బీడీలు చుడతారు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. నలభై దాటేసరికి మోకాళ్ల నొప్పి, షుగర్, బీపీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డాక్టర్ దగ్గరికి పోతే "బరువు తగ్గాలమ్మా" అంటారు. ఎలా తగ్గాలో వివరంగా చెప్పే టైం అక్కడ ఉండదు. ఇంటికొస్తే "తిండి తగ్గించు" అనే మాట. ఆ మాటతో మనసు నొచ్చుకోవడమే తప్ప బరువు తగ్గదు.

ఊబకాయం బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు, అదొక జబ్బు. జబ్బు కాబట్టి చికిత్స ఉంది. ఆ చికిత్సలో మెట్లు ఉన్నాయి. ఎవరు ఏ మెట్టు దగ్గర ఉన్నారో తెలుసుకోవడమే మొదటి పని.

ఎంత ఉంటే ఊబకాయం?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో సుమారు 30 శాతం మహిళలు, 32 శాతం మగవాళ్లు అధిక బరువుతో గానీ ఊబకాయంతో గానీ ఉన్నారు. దేశ సగటు మహిళల్లో 24, మగవాళ్లలో 23 శాతం దగ్గర ఉంది. అంటే మన రాష్ట్రంలో సమస్య ఎక్కువే.

కొలవడానికి రెండు పద్ధతులు. ఒకటి బీఎంఐ. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 155 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు ఉన్న మహిళకు బీఎంఐ 28 వస్తుంది. ప్రపంచ కొలత ప్రకారం 30 దాటితేనే ఊబకాయం. కానీ మనవాళ్లకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగర్ కూడా తొందరగా వస్తుంది. అందుకే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో వైద్య నిపుణులు నిర్ణయించారు.

రెండోది దర్జీ టేపు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. మహిళలకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్లకు బీఎంఐ కంటే ఈ కొలతే నిజం చెబుతుంది.

ముందు పరీక్షలు

చికిత్స మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించుకోవాలి. నెలసరి సరిగ్గా రాని అమ్మాయిల్లో పీసీఓఎస్ ఉందేమో చూడాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్య మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు ఆ సంగతీ దాచకూడదు.

మొదటి మెట్టు: వంటిల్లు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు అని లెక్క చెప్పింది. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. పళ్లెం నిండా అన్నం, మూలకు కాస్త కూర.

నూనె లెక్క సులువు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. నెల సరుకుల్లో ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో చూసుకుంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. బగారా అన్నం, తలావా గోష్త్, దాల్చా మానేయనక్కర్లేదు. వాటిని దావత్ రోజుకు ఉంచుకుని, మామూలు రోజుల్లో జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, తోలు తీసిన చికెన్, చేప, గుడ్డు తినాలి. సగం పళ్లెం కూరగాయలకు, పావు వంతు అన్నం లేదా రొట్టెకు, పావు వంతు పప్పు లేదా మాంసానికి ఇస్తే చాలు.

చాయ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చాయ్‌కి రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నాలుగు చాయ్‌లు తాగితే 40 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పక్కన తినే బిస్కెట్లు ఈ లెక్కలో లేవు.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పిలో తేడా కనిపిస్తుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు. వారానికి అర కిలో తగ్గితే అది మంచి వేగమే. ఒక్కపూట తిని, పస్తులుండి తగ్గితే కండ కరుగుతుంది, మళ్లీ తిన్నాక కొవ్వు తిరిగొస్తుంది.

రెండో మెట్టు: కదలిక

వారానికి 150 నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. ఆడవాళ్లు ఫజ్ర్ నమాజ్ తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి నడవొచ్చు. బయటికి వీలుకాకపోతే డాబా మీద, వాకిట్లో నడిచినా ఫలితం అదే. బీడీలు చుట్టేవాళ్లు అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగాలి. మోకాళ్లు నొప్పి పెట్టేవాళ్లు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి ఎత్తే వ్యాయామంతో మొదలుపెట్టొచ్చు.

చెన్నై వైద్యులు నడిపిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నవాళ్లలో తిండి, నడక మార్చుకున్నవారికి షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. నడకకు మందుతో సమానమైన బలం ఉందన్నమాట.

రంజాన్‌లో ఏం చేయాలి?

నెలంతా రోజా ఉండి కూడా ఈద్ నాటికి బరువు పెరిగేవాళ్లు ఉన్నారు. కారణం ఇఫ్తార్‌లోని మిర్చీలు, సమోసాలు, షర్బత్‌లు. రెండు ఖర్జూరాలు, నీళ్లు, పండ్లతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ తర్వాత మామూలు భోజనం చేయాలి. సహరీ మానకూడదు. షుగర్ మందులు వాడేవాళ్లు రంజాన్‌కు ఒకట్రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. రోజాలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మూడో మెట్టు: మందులు

మూడు నుంచి ఆరు నెలలు తిండి, నడక మార్చినా ఫలితం చాలకపోతే డాక్టర్ మందులు ఆలోచిస్తారు. ఆర్లిస్టాట్ మాత్ర తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండా చేస్తుంది. నూనె ఎక్కువ తింటే జిడ్డు విరేచనాలు అవుతాయి.

ఇప్పుడు అందరూ మాట్లాడుకునేది వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్ల గురించి. టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ (వెగోవీ) 2025 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి, కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంచుతాయి. పెద్ద అధ్యయనాల్లో సెమాగ్లూటైడ్‌తో సగటున 15 శాతం, టిర్జెపటైడ్‌తో మోతాదును బట్టి 15 నుంచి 21 శాతం దాకా బరువు తగ్గింది. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే ఇది బీపీ మందులాగా చాలాకాలం వాడాల్సిన చికిత్స. నెల నెలా ఖర్చు భరించగలమా అని ముందే లెక్క వేసుకోవాలి.

వికారం, వాంతులు, మలబద్ధకం మామూలుగా వచ్చేవి. కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు వాడకూడదు. బిడ్డ కోసం ప్రయత్నించేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. తెలిసినవాళ్లు తెచ్చిచ్చారనో, గల్ఫ్ నుంచి వచ్చిందనో డాక్టర్ చీటీ లేకుండా వేసుకోవడం ప్రమాదం.

వీటిలో పంది నుంచి తీసినది ఉంటుందా అని కొందరు అడుగుతారు. సెమాగ్లూటైడ్ మందును ఈస్ట్ సాయంతో, టిర్జెపటైడ్‌ను రసాయన పద్ధతిలో తయారు చేస్తారు. పోషకాలు ఇవ్వని ఇంజెక్షన్లతో రోజా భంగం కాదని జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది. ఇంకా సందేహం ఉంటే ఊరి ఆలిమ్‌ను అడగాలి.

నాలుగో మెట్టు: సర్జరీ

బేరియాట్రిక్ సర్జరీ అందం కోసం చేసేది కాదు. స్లీవ్ పద్ధతిలో కడుపులో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. బైపాస్‌లో చిన్న సంచిలా చేసిన కడుపును నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. బీఎంఐ 35 దాటినవాళ్లకు, 30 దాటి షుగర్ ఉన్నవాళ్లకు ఈ సర్జరీ చేయాలని 2022లో అంతర్జాతీయ సంఘాలు సూచించాయి. ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చని కూడా చెప్పాయి. చాలామందికి షుగర్ మందులు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగిపోతాయి.

దీనికి వెల కూడా ఉంది. జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి వేసుకోవాలి. జెలటిన్ క్యాప్సూల్స్ వద్దనుకునేవాళ్లు డాక్టర్‌ను మాత్రల రూపంలో రాయమనాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మొదటి ఏడాది సర్జన్ అనుమతి లేకుండా రోజా ఉండకూడదు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు పాలసీ షరతులు చదవాలి. సాధారణంగా బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులుంటేనే బీమా వర్తిస్తుంది.

చికిత్స కానివి

లైపోసక్షన్ ఆకారాన్ని మారుస్తుంది, షుగర్ ముప్పును తగ్గించదు. హిజామాతో ఊబకాయం తగ్గుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. సున్నత్‌గా చేయించుకునేవాళ్లు దాన్ని నమ్ముకుని మందులు ఆపకూడదు. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడుల్లో ఏం కలిపారో తెలియదు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఎక్కడికి వెళ్లాలి?

30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. 2021 జూన్‌లో జగిత్యాల, కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్ సహా పలు జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు మొదలయ్యాయి. ప్రభుత్వ డాక్టర్ రాస్తే రక్త పరీక్షలు అక్కడ ఉచితం. ఆ రిపోర్టులతో జగిత్యాల లేదా కరీంనగర్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజీషియన్‌ను కలవొచ్చు. బేరియాట్రిక్ సర్జరీలు హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలోనూ జరిగాయి.

పిల్లలు బొద్దుగా ఉంటే ముద్దు అనుకోవడం, పెళ్లీడు అమ్మాయిని లావని ఎత్తిపొడవడం రెండూ ఆపాలి. ఒక్కరికి వేరే వంట, మిగతా ఇంటికి వేపుళ్లు అంటే ఎవరికీ సాగదు. దస్తర్‌ఖాన్ మీద మార్పు వస్తే ఇంట్లో అందరికీ మేలు.