మనసుకి “ఆగు” అని చెప్పేదెవరు?

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ప్రయోగం సింపుల్. మీకు అనిపించినప్పుడు మణికట్టు కదపాలి, అనిపించిన క్షణాన్ని గడియారంలో చూసి చెప్పాలి, అంతే. తేలిందేంటంటే, “కదపాలి” అని మనిషికి తెలియడానికి సుమారు 0.35 సెకన్ల ముందే మెదడులో సన్నాహం మొదలైపోతోంది! అంటే మనం తోలుబొమ్మలమా? లిబెట్ అలా అనలేదు. తెలిశాక, చెయ్యి కదిలేలోపు కాస్త టైం ఉంటుంది, అందులో మనిషి ఆపగలడు అన్నారు. దీనిమీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి.

ల్యాబ్ బయటికి వద్దాం. అదే ఏడాది సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. మాస్కో దగ్గర సోవియట్ హెచ్చరిక కేంద్రంలో స్టానిస్లావ్ పెత్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి 5 క్షిపణులు వస్తున్నాయని సిస్టమ్ చెప్పింది. నిజమైతే మిగిలింది నిమిషాలే. భయం వేసింది. అయినా, “యుద్ధం మొదలెట్టేవాడు ఐదే పంపుతాడా?” అని ఆలోచించి, తప్పుడు అలారం అని పైవాళ్లకి చెప్పాడు. అదే నిజమైంది. మేఘాల మీద మెరిసిన ఎండని ఉపగ్రహం క్షిపణి అనుకుంది.

మణికట్టు కదపడం, ఇదీ ఒకటి కావు. కానీ ఒక్కటి గమనించండి. భయం, కోపం, కోరిక మనల్ని అడిగి రావు. వచ్చాక ఒక్క క్షణం ఆగి, వాటి మాట వినాలా వద్దా అని తేల్చుకోవడమే మన వంతు.