తండ్రి రాయలేని దస్తావేజు: ఓసీఐ కార్డు, సాగుభూమి, సగం పౌరసత్వం

తెనాలి పక్క ఊళ్లో కాలువ కింద మూడెకరాల మాగాణి ఉన్న ఒక రైతును ఉదాహరణగా తీసుకుందాం. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. కూతురు విజయవాడలో, కొడుకు అమెరికాలో ఉంటారు. కొడుకు వెళ్లి ఇరవై ఏళ్లయింది. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక మన పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తెచ్చుకున్నాడు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే పొలం ఇద్దరికీ చెరిసగం రాసేద్దామని పెద్దాయన పట్టాదారు పాసుపుస్తకం, లింకు దస్తావేజులు సంచిలో పెట్టుకుని డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాడు. అతను కాగితాలన్నీ తిరగేసి ఒక్క ప్రశ్న అడిగాడు. "అబ్బాయిది ఏ పాస్‌పోర్టు బాబాయ్ గారూ?" "అమెరికాది. ఓసీఐ ఉందిగా!" "అయితే ఇల్లు రాద్దాం. పొలం మాత్రం కుదరదు. అమ్మాయి వాటాకి గిఫ్టు రాసేసి, అబ్బాయి వాటాకి వీలునామా పెట్టుకోండి."

డాక్యుమెంట్ రైటర్ చెప్పింది చట్టప్రకారం సరైన మాటే. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2019లో వచ్చిన నిబంధనల్లో 24వది ఓసీఐ కార్డుదారు స్థిరాస్తి ఎలా పొందవచ్చో చెబుతుంది. కొనుక్కోవచ్చు, దగ్గరి బంధువుల నుంచి దానంగా తీసుకోవచ్చు. అయితే ఈ రెండు దారుల్లోనూ సాగుభూమికి, ఫామ్‌హౌస్‌కు, తోటల ఆస్తికి చోటు లేదు. వారసత్వం దగ్గరికొచ్చేసరికి ఆ మినహాయింపు కనబడదు. అంటే తండ్రి బతికుండి తన చేత్తో రాస్తే చెల్లని పొలం, ఆయన పోయాక అదే కొడుక్కి నిక్షేపంగా చెల్లుతుంది. మనిషీ, భూమీ, బంధుత్వమూ మారలేదు. మధ్యలో జరిగిందల్లా ఒక చావు. ప్రవాసుల హక్కుల మీద జరిగే చర్చ ఎక్కువగా ఓటు, పన్నులు, పెట్టుబడుల చుట్టూ తిరుగుతుంది. రైతు కుటుంబాలను అసలు పట్టి కుదిపేది ఈ తేడా అని నా వాదన. ఇది ఎలా వచ్చిందో తెలియాలంటే కార్డు పుట్టుక దాకా వెళ్లాలి.

రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ఒకే మాట చెబుతాయి: ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులుగా ఉండరు. ఈ గోడలో కిటికీ తెరవాలని ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ 2002 జనవరిలో వెలువడిన నివేదికలో సిఫారసు చేసింది. 2003 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని వాజపేయి ద్వంద్వ పౌరసత్వం ఇస్తామని ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ 16 దేశాలకే పరిమితమైంది. 2005లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ మినహా మిగతా దేశాలకు విస్తరించింది. 2006 జనవరిలో ప్రవాసీ దివస్ హైదరాబాద్‌లో జరిగినప్పుడు ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ కార్డులు అందించారు. తెలుగు గడ్డ మీద మొదలైన ఈ పథకాన్ని తెలుగు ఇళ్లలో "డ్యూయల్ సిటిజన్‌షిప్" అనే పిలుచుకున్నారు. ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు.

అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. కార్డు చూడటానికి పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం. అట్ట మీద నాలుగు సింహాల ముద్ర, దేశం పేరు. పేరులోనే 'సిటిజన్' ఉంది. లోపలి చట్టం మాత్రం వేరే భాష మాట్లాడుతుంది. పౌరసత్వ చట్టం 7బి సెక్షను ప్రకారం ఈ కార్డుదారుకు ఓటు లేదు, చట్టసభలకు పోటీ చేసే హక్కు లేదు, ప్రభుత్వోద్యోగంలో సమానావకాశం లేదు. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్టు వదులుకోని ఎన్నారైలకు 2010 సవరణ ఓటు హక్కు ఇచ్చింది. ఓసీఐలకు అది వర్తించదు. చివరికి 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ విడుదల చేసిన నోటిఫికేషన్ వివరణలో అసలు సంగతి తేటతెల్లం చేసింది: ఓసీఐ కార్డుదారు విదేశీ పాస్‌పోర్టు ఉన్న విదేశీయుడే, భారత పౌరుడు కాడు. పేరులో ఉన్న 'సిటిజన్'ను వివరణ కొట్టేసింది. జర్నలిజం, పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ వంటి పనులకు ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేసింది. వృత్తి విద్యా ప్రవేశ పరీక్షల్లో వాళ్లను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో అనుష్క రేంగుంథ్వార్ కేసులో, నోటిఫికేషన్ నాటికే కార్డు ఉన్న పిల్లలకు ఈ ఆంక్ష వర్తించదని తీర్పిచ్చి, ముందుకు మాత్రం దాన్ని నిలబెట్టింది. తర్వాత కార్డు పొందిన పిల్లలకు ఆ ఊరట లేదు.

ఇక్కడ ఒక సాంకేతికమైన చిక్కు ఉంది. అసమానత మూలం అందులోనే దొరుకుతుంది కాబట్టి కొంచెం నిలిచి చూడాలి. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) 31వ సెక్షను పౌరసత్వం ఆధారంగా పనిచేసేది: భారత పౌరుడు కాని వ్యక్తి ఇక్కడి స్థిరాస్తి కొనాలన్నా అమ్మాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఆ నిబంధన ఎంత కఠినమైనదో ఆశా జాన్ దివియనాథన్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు చూపిస్తుంది. బెంగళూరులో ఉన్న ఆస్తిని ఒక విదేశీ మహిళ 1977లో దానం చేస్తే, రిజర్వు బ్యాంకు అనుమతి లేదన్న కారణంతో ఆ లావాదేవీ చెల్లదని కోర్టు తేల్చింది. దస్తావేజు రాసిన నలభై ఏళ్లకు పైగా గడిచాక తీర్పు వచ్చింది.

2000 జూన్ 1 నుంచి ఫెరా స్థానంలో ఫెమా అమల్లోకొచ్చింది. ఫెమాలో ప్రధానమైన కొలబద్ద పౌరసత్వం కాదు, నివాసం. అందుకే సాగుభూమి కొనలేని ఆంక్ష ఓసీఐతోపాటు భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకి కూడా ఉంది. ఈ మాట దాచిపెట్టి ఓసీఐలకే అన్యాయం జరుగుతోందని వాదించడం నిజాయితీ అనిపించుకోదు. కానీ ఎన్నారై సామాన్లు సర్దుకుని తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడితే ఆ ఆంక్ష తొలగిపోతుంది. మరుసటి సంక్రాంతికల్లా పొలం కొనుక్కోవచ్చు. అలాగే తిరిగొచ్చి అదే వీధిలో ఉంటున్న ఓసీఐ సంగతేమిటి? నివాసం లెక్కన చూస్తే ఫెమా నిబంధన అతన్ని ఆపకూడదు. 2021 నోటిఫికేషన్ మాత్రం కార్డుదారుకు ఆస్తి విషయంలో ఎన్నారైతో సమానత్వం ఇస్తూనే సాగుభూమిని మినహాయించింది. ఎక్కడ నివసిస్తున్నాడని అది అడగదు. నివాసం వైపు వేసిన అడుగు మళ్లీ పౌరసత్వం వైపు వెనక్కి పడింది. రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర చేతిలో ఉన్న పాస్‌పోర్టు కనిపిస్తుంది, ఊళ్లో ఉంటున్న ఇల్లు కనిపించదు.

ఈ ఆంక్ష వెనక ఉన్న భయం ఒట్టిది కాదు. డాలర్లు పొలాల మీద పడితే ఎకరం ధర సాగు ఆదాయానికి అందకుండా పోతుంది. యజమాని ఎక్కడో ఉంటే కౌలు రైతుకు రశీదు కూడా దొరకదు. కోస్తా జిల్లాల్లో కౌలు సేద్యం ఎంత విస్తరించిందో తెలిసినవారెవరూ ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయరు. ఆంధ్రప్రదేశ్ 2011లో ఒకసారి, 2019లో ఒకసారి కౌలుదారుల కోసం చట్టాలు చేయాల్సి వచ్చింది. అయితే ఈ భయం పాస్‌పోర్టును బట్టి పుట్టేది కాదు. మన రెండు రాష్ట్రాల్లో సాగుభూమి కొనాలంటే రైతు కుటుంబంలో పుట్టి ఉండాలన్న నియమమేమీ లేదు. ఢిల్లీలో పుట్టి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ జీవితంలో నాగలి చూడని పౌరుడు తెనాలి మాగాణి కొనొచ్చు. ఎంత కొనొచ్చో 1973 భూసంస్కరణల చట్టం ఎటూ హద్దు పెట్టింది: నేల తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. గట్టు పక్కనే పెరిగిన రైతు కొడుకు మాత్రం తమ పొలానికి ఆనుకున్న అరెకరం కూడా కొనలేడు.

అదే కొడుకు హైదరాబాద్‌లో పది ఫ్లాట్లు కొంటానంటే ఎవరూ అడ్డు చెప్పరు. సంఖ్యకు పరిమితి లేదు. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చి ప్లాట్లు వేస్తే, నిన్నటి దాకా నిషిద్ధమైన నేలే ఇవాళ గజాల లెక్కన అతనికి అందుబాటులోకొస్తుంది. అమరావతి భూసమీకరణలో మెట్ట ఎకరం ఇచ్చిన రైతుకు 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. ఎకరం ఎకరంగా ఉన్నంతకాలం దాన్ని అమెరికా కొడుక్కి దానంగా రాయలేని తండ్రి, అది ప్లాటుగా మారి చేతికొచ్చాక రాయవచ్చు. పంట పండే నేలను కాపాడాలని పుట్టిన నిబంధన, పంట ఆగిపోయాకే కుటుంబానికి దారి ఇస్తోంది. పెట్టుబడిగా వచ్చిన డబ్బు మీద లేని అనుమానం వారసుడి మీద ఉండటం నాకు అన్నిటికంటే బాధాకరంగా తోస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఈ చిక్కు మరింత లోతుకు వెళుతుంది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి 29ఎ సెక్షను చేర్చి, కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదే, తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో సంబంధం లేదని స్పష్టం చేసింది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న ఓసీఐ కూతురు ఉమ్మడి పొలంలో తన వాటా పంచుకోవాలనుకుంటే? 24వ నిబంధనలో కొనుగోలు, దానం, వారసత్వం ఉన్నాయి గానీ పంపకం అన్న మాటే లేదు. పుట్టుకతో ఉన్న హక్కును విడదీసుకోవడం కొత్తగా ఆస్తి 'పొందడం' కాదని వాదించవచ్చు. ఆ వాదనే సరైనదని నేననుకుంటాను. కానీ నిబంధన మౌనంగా ఉన్నచోట కుటుంబాలు జాగ్రత్త వైపే మొగ్గుతాయి. "ఎందుకమ్మా ఈ గొడవంతా, అన్నయ్యకి రాసిచ్చెయ్" అని పెద్దలు చెబుతారు. ఆమె సెలవుల్లో వచ్చినప్పుడు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకుంటారు. చట్టసభ ఇచ్చిన వాటా విదేశీ మారక నిబంధన సాకుగా చేజారిపోతుంది.

మరికొన్ని కుటుంబాలు ఇంకో దారి తొక్కుతాయి. డబ్బు అమెరికా నుంచి వస్తుంది, రిజిస్ట్రేషన్ బావమరిది పేరునో స్నేహితుడి పేరునో జరుగుతుంది. 2016లో పదును పెట్టిన బినామీ చట్టం కింద ఇది ఆస్తి జప్తు దాకా పోగల వ్యవహారం. ఫెమా 13వ సెక్షను ప్రకారం ఉల్లంఘన విలువకు మూడింతల దాకా జరిమానా ఉంటుంది. వీటన్నిటికంటే ముందే మాట తప్పిన బావమరిది ఎదురవుతాడు. అప్పుడు కోర్టుకెళ్లి ఈ పొలం నాదని చెప్పుకునే వీలుండదు.

ఉన్న పొలం అమ్ముకోవడంలోనూ పరిమితి ఉంది. సాగుభూమిని భారత్‌లో నివసించేవారికే అమ్మాలి. పక్క ఊరివాడే అయినా మరో ఓసీఐకి అమ్మకూడదు. ఎన్ఆర్ఓ (ప్రవాసుల రూపాయి) ఖాతాలో పడ్డ సొమ్ము బయటికి తీసుకెళ్లడానికి ఏడాదికి 10 లక్షల డాలర్ల హద్దు ఉంది. మధ్యతరగతికి అదేమంత అడ్డు కాదు. ఆధార్ మాత్రం అడ్డే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై దిగిన రోజే ఆధార్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఓసీఐకి గడిచిన ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండాలన్న షరతు ఉంది. భూమి కాగితాలన్నీ ఆధార్ చుట్టూ అల్లుకుపోయిన కాలంలో, తండ్రి కర్మకాండలకు రెండు వారాల సెలవు మీద వచ్చిన కొడుక్కి విరాసత్ (వారసుడి పేరున పొలం మార్పు) దరఖాస్తు దగ్గరే చుక్కెదురవుతుంది.

అంత బాధగా ఉంటే తిరిగి పౌరుడు కావచ్చు కదా అనేవారున్నారు. దారి ఉంది. ఐదేళ్లు ఓసీఐగా నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివసించినవారు 5వ సెక్షను కింద భారత పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. అయితే విదేశీ పౌరసత్వం వదులుకోవాలి. ఆ 12 నెలల నివాసం ఎంత కచ్చితమైన షరతో తెలుగువారికి వేములవాడ చెప్పింది. అక్కడి నుంచి 2009 మొదలు పలుమార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ 1993లో జర్మన్ పౌరసత్వం పొంది, 2009లో భారత పౌరసత్వం తీసుకున్నారు. నివాసం షరతు పూర్తిచేయలేదన్న ఫిర్యాదుపై హోం శాఖ దాన్ని 2017లో, మళ్లీ 2019లో రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ప్రజాప్రతినిధిగా ఉండాల్సిన మనిషికి అంత కఠినమైన పరీక్ష పెట్టడం సబబే. తండ్రి మూడెకరాల్లో సగం దానంగా అందుకోవాలనుకునే కొడుక్కీ అదే పరీక్ష ఎందుకన్నది నా ప్రశ్న.

ఫిలిప్పీన్స్ పౌరసత్వాన్నీ భూమి హక్కునూ విడదీసి చూసింది. మన పార్లమెంటు ఓసీఐ సవరణ చేసిన 2003లోనే అక్కడ 9225 నంబరు చట్టం వచ్చింది. పుట్టుకతో ఫిలిప్పీన్ పౌరులై తర్వాత మరో దేశం పౌరసత్వం తీసుకున్నవారు ప్రమాణం చేసి పాత పౌరసత్వాన్ని తిరిగి పొందవచ్చు, దాంతోపాటు భూమి హక్కు కూడా. ప్రమాణం చేయనివారికి కూడా అంతకు ముందటి చట్టం వ్యాపారానికి గానీ ఇతర అవసరాలకు గానీ పల్లెలో 3 హెక్టార్ల దాకా అనుమతిస్తుంది. భూమిని విదేశీయుల నుంచి రాజ్యాంగంతోనే కాపాడుకునే దేశం, తన గడ్డ మీద పుట్టినవారికి ఒక కొలత ఇచ్చింది.

మనకు అంత పెద్ద సవరణ అవసరం లేదు. సాగుభూమి కొనుగోలు మీద ఆంక్ష ఉంచాలనుకుంటే ఉంచవచ్చు. 24వ నిబంధనలో దానానికి పెట్టిన మినహాయింపును తల్లిదండ్రులు బిడ్డలకు రాసిచ్చే సందర్భంలో తొలగించి, పంపకాన్ని వారసత్వంతో సమానంగా చూడాలని ఒక వాక్యం చేర్చితే చాలు. వారసత్వంగా ఎటూ రావలసిన భూమే కాబట్టి విదేశీయుల చేతికి వెళ్లే విస్తీర్ణం దీనివల్ల ఒక్క సెంటు కూడా పెరగదు. ఆ వాక్యం వచ్చేదాకా తెనాలి పెద్దాయన చేయగలిగింది, డాక్యుమెంట్ రైటర్ చెప్పినట్టు కూతురి ఎకరంన్నర ఇప్పుడే రిజిస్టర్ చేయించి, కొడుకు ఎకరంన్నరకు వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి, బీరువాలో పాసుపుస్తకం కింద దాచుకోవడమే.