సున్నచే భాగించిన రాశి

కరీంనగరు జిల్లా గంగాధర సమీపమున కురిక్యాల యను గ్రామము కలదు. అచ్చటి బొమ్మలమ్మగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దమున చెక్కించిన శాసనమును మీలో పెక్కురు చూచియే యుందురు. అందలి తెలుగు కందపద్యముల ప్రశస్తి వేరుగ చెప్పనక్కరలేదు. గణితమును గూర్చి ముచ్చటింపవచ్చిన నేను ఆ గుట్టను తలచుటకు కారణము వేరు. జినవల్లభుడు జైనుడు. నాటి వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. ఆ రాష్ట్రకూటులలో అమోఘవర్షుని కాలమున, ఇంచుమించు 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును రచించెను. దాని ననుసరించియే పావులూరి మల్లన తెలుగున పద్యగణితమును సంతరించెను.

జైనులకు పెద్దసంఖ్యలన్న మక్కువ మెండు. సంఖ్యాతము, అసంఖ్యాతము, అనంతము అని వారు రాశులను మూడు తెగలు చేసిరి. లెక్కకు అందుదాని మేర తెలుపుటకై ఆవగింజలను తెచ్చిరి. జంబూద్వీపమంత వెడల్పుగల గుంటను ఆవాలతో నింపి, ద్వీపమునకొకటి, సముద్రమునకొకటి చొప్పున వేయుచు పొమ్మనిరి. గింజలు తీరునే గాని అనంతము చేరదు. గుమ్మి యెంత పెద్దదైనను దానికి అడుగు కలదు గదా!

ఇక చిక్కు సున్నతో వచ్చినది. పది మానికల వడ్లను అరమానికతో కొలిచిన ఇరువది కొలతలు, పావుమానికతో కొలిచిన నలువది. కొలపాత్ర చిన్నదగుకొలది కొలతలు పెరుగును. పాత్రయే శూన్యమైనచో? కొలుచువాని చేయి నొచ్చునే గాని రాశి తరుగదు. 628లో బ్రహ్మగుప్తుడు అట్టి రాశిని సున్న హారముగానే యుంచి, విలువ చెప్పక విడిచెను. మహావీరుడు ఆ రాశి మారదనెను. పంచుకొనువారే లేకున్న ధాన్యము అట్లే యుండునని తలచెనేమో! ఎంతటి పండితుడైనను ఇచ్చట పొరబడెననక తప్పదు. 1150లో భాస్కరాచార్యుడు దానికి ఖహరమని పేరిడి, ఎంత కలిపినను తీసినను అది మారదనియు, సృష్టిప్రళయములందు భూతకోటి వెలువడినను లీనమైనను మార్పులేని అచ్యుతుని వంటిదనియు వివరించెను. ఇంత చక్కని పోలిక గణితగ్రంథములలో అరుదు. అయినను ఆయనయు, ఒక రాశిని సున్నచే గుణించి మరల సున్నచే భాగించిన మొదటి రాశియే నిలుచునని చెప్పెను. దానిని నేటివారు అంగీకరింపరు.

1655లో ఆంగ్లేయుడు జాన్ వాలిస్ అనంతమునకు పడుకొన్న ఎనిమిదివంటి గుర్తును పెట్టెను. కాగితముపై గుర్తు చాలును, కంప్యూటరునకు చాలదు. దాని గదులు పరిమితములు. ఒక్కొక్క సంఖ్యకు సామాన్యముగా 32 గదులు, గదికొక సున్నయో ఒకటియో. అనంతము అందెట్లు ఇముడును? 1985లో అమెరికాలో ఏర్పడిన 754వ ప్రమాణము దీనికి ఉపాయము చెప్పెను. మొదటి గది ధనఋణములకు, తరువాతి 8 ఘాతమునకు, మిగిలిన 23 భిన్నమునకు. ఆ 8 గదులును ఒకట్లై, 23 గదులును సున్నలైనచో అది అనంతము. ఆ 23లో ఒక్కటైనను ఒకటియైనచో 'సంఖ్య కాదు' అని అర్థము. ఒకటిని సున్నచే భాగింప అనంతము వచ్చును. దానికి వేయి కలిపినను అనంతమే. ఇది భాస్కరుని మాటయే. కాని అనంతమునుండి అనంతమును తీసినను, సున్నను సున్నచే భాగించినను 'సంఖ్య కాదు' అనియే యంత్రము పలుకును. తెలియనిదానిని తెలియదనుట మేలు.

దీని ఉపయోగము చూడుడు. కరీంనగరునుండి ఆదిలాబాదునకు దగ్గరిదారి కావలెను. 1959లో డైక్‌స్ట్రా యను డచ్చి పండితుడు ప్రకటించిన పద్ధతిలో మొదట జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల మున్నగు ఊళ్లన్నిటికి దూరము అనంతమని వ్రాసికొందురు. దారి దొరకినకొలది నిజమైన దూరము దానికన్న తక్కువయగుటచే ఆ స్థానమున చేరును. దారిలేని ఊరు అనంతముగనే మిగులును. అనంతమునకు మారుగా 999 అని వ్రాసినవాడు, వేయిమైళ్ల దారి వచ్చిననాడు మోసపోవును.

పూర్ణసంఖ్యల లెక్కలలో మాత్రము ఈ సదుపాయము లేదు. సున్నచే భాగింప సామాన్యముగా యంత్రము పని మానును. 1997 సెప్టెంబరులో యార్క్‌టౌన్ అను అమెరికా యుద్ధనౌకలో ఒకరు పట్టికయందు ఒక సున్నను చేర్చిరి. దానిచే భాగింపబోయి కంప్యూటర్లు కూలెను. నౌకను నడపు యంత్రములు ఆగిపోయి, అంతటి ఓడయు నడిసముద్రమున కదలక నిలిచెను.