కొలువులోని పల్లె

కోస్తా జిల్లాలలో సంక్రాంతికి, రాయలసీమలో దసరాకు మన యిండ్ల మెట్లపై ఒక చిన్న పల్లె వెలయును. దసరా కొలువున మొలకెత్తిన నవధాన్యములే పచ్చని చేలు. సంక్రాంతి కొలువున కొత్త వడ్లే కుప్పలు.

ఈ పల్లెకు జనులను పంపిన ఊరు కొండపల్లి. తమ పూర్వులు సుమారు 400 ఏండ్ల క్రిందట రాజస్థానమునుండి వచ్చిరని అచ్చటి ఆర్యక్షత్రియ శిల్పులు చెప్పుదురు. తేలికయైన తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, అవయవములను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, వారు రంగులు వేయుదురు. తాటిచెట్టుపై కల్లుగీతవాడు, ఎడ్లబండి, వడ్లు దంచు ఇల్లాలు అట్లే పుట్టిరి.

నేడు మన వీథులలో రోకటిపోటు వినబడుట అరుదు. రోకలి బొమ్మ చేతిలో మిగిలినది. పొణికి చెట్లును అరుదగుచున్నవి. మనము వానిని నాటి పెంచనిచో ఆ రోకలియు మిగులదు.