చిన్నమెదడు

చిన్నమెదడు లేదా అనుమస్తిష్కము సకశేరుక జీవుల మెదడులో ఒక ముఖ్య భాగము. మనిషిలో ఇది పుర్రె వెనుకవైపున, పెద్దమెదడుకు దిగువన, మెదడు కాండానికి వెనుక ఉంటుంది. నడక, చేతిపని, చూపు, మాట వంటి వాటికి అవసరమైన కదలికలు సరైన వేళకు, సరైన కొలతలో జరిగేటట్లు చూడడం దీని ప్రధాన విధి. కదలికకు కావలసిన ఆజ్ఞ పెద్దమెదడు నుండి వెలువడుతుంది. ఆ ఆజ్ఞను సరిదిద్దేది చిన్నమెదడు. అందువలన ఇది దెబ్బతిన్నపుడు కండరాలు చచ్చుబడవు, కానీ కదలికలలో పొందిక పోతుంది. అభ్యాసంతో కొత్త కదలికలను నేర్చుకోవడంలోను దీనికి ముఖ్య పాత్ర ఉంది.

నిర్మాణము

పెద్దవారిలో చిన్నమెదడు బరువు సుమారు 150 గ్రాములు, అంటే మొత్తం మెదడు బరువులో పదో వంతు మాత్రమే. కానీ నాడీకణాలలో అత్యధిక భాగం ఇక్కడే ఉన్నాయి. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ప్రచురించిన లెక్క ప్రకారం మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్లు చిన్నమెదడులోనివే. వీటిలో దాదాపు అన్నీ గ్రాన్యూల్ కణాలు అనబడే అతి చిన్న కణాలు.

చిన్నమెదడుకు కుడి, ఎడమ అర్ధగోళాలు, వాటి మధ్య వర్మిస్ అనే సన్నని భాగం ఉంటాయి. ఉపరితలం సన్నని మడతలతో నిండి ఉంటుంది. ఈ పైపొరలో పర్కింజి కణాలు ఒకే వరుసలో అమరి ఉంటాయి. ఒక్కొక్క పర్కింజి కణానికి రెండు మార్గాలలో సమాచారం చేరుతుంది.

* సమాంతర తంతువులు: ఇవి గ్రాన్యూల్ కణాల నుండి వస్తాయి. ఒక పర్కింజి కణంతో లక్షకు పైగా సమాంతర తంతువులు సంధి కలుపుతాయి. శరీరం ఏ స్థితిలో ఉంది, ఏ ఆజ్ఞ వెలువడింది అనే సమాచారం వీటి ద్వారా అందుతుంది.
* ఎగబాకే తంతువు: ఇది మెదడు కాండంలోని ఆలివ్ అనే కణసముదాయం నుండి వస్తుంది. పెద్దవారిలో సాధారణంగా ఒక పర్కింజి కణానికి ఇటువంటి తంతువు ఒక్కటే ఉంటుంది. తీగ చెట్టుకు అల్లుకొన్నట్లు ఇది ఆ కణాన్ని అల్లుకొని ఉంటుంది.

పైపొర నుండి బయటకు సందేశం పంపగలిగేవి పర్కింజి కణాలు మాత్రమే. వీటి సందేశం ఎల్లప్పుడు నిరోధకమే, అంటే ఎదుటి కణాన్ని అణచేదే.

కదలికల నియంత్రణ

చేయి చాచి లోటా అందుకొనే మనిషి కంటితో చూసి కదలికను సరిదిద్దుకోవడానికి సెకనులో పదో వంతు కంటె ఎక్కువ కాలం పడుతుంది. వేగంగా జరిగే కదలిక అప్పటికే సగం ముగిసిపోతుంది. కనుక మెదడు ఫలితాన్ని ముందుగా ఊహించక తప్పదు. నిండుగా ఉందనుకొని ఖాళీ బిందెను ఎత్తినపుడు చేయి ఒక్కసారిగా పైకి లేవడానికి కారణం ఈ ఊహ తప్పడమే. ఇటువంటి ఊహలను చేయడం, వాటిని వాస్తవ ఫలితంతో పోల్చడం చిన్నమెదడు పని అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

పెద్దమెదడు ఎడమ భాగం శరీరపు కుడి భాగాన్ని నడిపిస్తుంది. చిన్నమెదడు విషయంలో అలా కాదు. దాని కుడి భాగం దెబ్బతింటే కుడి చేయి, కుడి కాలు తడబడతాయి.

నేర్చుకొనే విధానము

వస్తువులను పక్కకు జరిగినట్లు చూపే పట్టకపు అద్దాలు ధరించి గురి చూసి విసిరితే మొదట గురి తప్పుతుంది. పలుమార్లు విసిరిన తరువాత మళ్ళీ కుదురుతుంది. అద్దాలు తీసివేసిన వెంటనే గురి ఎదురు దిక్కుకు తప్పుతుంది. అంటే ఈలోగా మెదడు తన లెక్కను మార్చుకొన్నదన్నమాట. చిన్నమెదడు దెబ్బతిన్నవారిలో చాలామందికి ఈ సర్దుబాటు సాధ్యపడదు.

ఇది ఎలా జరుగుతుందో వివరించే సిద్ధాంతాన్ని 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ ప్రతిపాదించారు. ఆల్బస్ వివరణ ప్రకారం, పొరపాటు జరిగినపుడు ఎగబాకే తంతువు పర్కింజి కణానికి ఆ సంగతి తెలుపుతుంది. అదే సమయంలో పనిచేస్తున్న సమాంతర తంతువుల సంధులు బలహీనపడతాయి. దీనితో పొరపాటుకు దారితీసిన తీరు క్రమంగా తగ్గిపోతుంది. సంధులు ఈ విధంగా బలహీనపడతాయని 1982లో జపాను శాస్త్రవేత్త మసావో ఇటో, ఆయన సహచరులు ప్రయోగపూర్వకంగా చూపారు. అయితే నేర్చుకోవడం ఈ ఒక్క సంధి వద్దనే జరగదని, చిన్నమెదడులోని ఇతర సంధులలో కూడా మార్పులు వస్తాయని తరువాతి పరిశోధనలలో తేలింది.

మాటలో పాత్ర

మాట్లాడేటపుడు సెకనుకు సుమారు పది నుండి పదిహేను ధ్వనులు వెలువడతాయి. పెదవులు, నాలుక, స్వరతంత్రులు, ఊపిరి ఒకదానితో ఒకటి పొందికగా కదలాలి. తెలుగులో "గది", "గాది" అనే మాటలకు తేడా అచ్చు నిలిచే కాలమే. "గడి", "గడ్డి" అనే మాటలకు తేడా హల్లు నిలిచే కాలమే. "బండి"లోని బకారానికి పెదవులు విడివడక ముందే స్వరతంత్రులు కంపిస్తాయి. "పండి"లోని పకారానికి అలా జరగదు. ఈ తేడాలు సెకనులో కొన్ని వందో వంతులు మాత్రమే.

చిన్నమెదడు దెబ్బతిన్నవారికి ఈ కాలపు కొలత తప్పుతుంది. మాట ముద్దగా వస్తుంది, లేదా అక్షరాలు విడివిడిగా, ఒకే పొడవుతో సాగుతాయి. గొంతు హెచ్చుతగ్గులు అదుపులో ఉండవు. దీనిని డిసార్థ్రియా అంటారు. ఇందులో పదాలు మరచిపోవడం గాని, అర్థం తెలియకపోవడం గాని ఉండదు. కనుక ఇది పెద్దమెదడులోని భాషా కేంద్రాలు దెబ్బతిన్నపుడు వచ్చే అఫేజియాకు భిన్నమైనది.

చిన్నమెదడులోని కణితిని శస్త్రచికిత్సతో తొలగించిన పిల్లలలో కొందరికి ఒకటి రెండు రోజుల తరువాత మాట పూర్తిగా ఆగిపోతుంది. వారాలు లేదా నెలలకు మాట తిరిగి వచ్చినా, తరచుగా తడబాటు మిగులుతుంది.

దెబ్బతిన్నపుడు కనిపించే లక్షణాలు

కదలికలలో పొందిక పోవడాన్ని అటాక్సియా అంటారు. ముఖ్య లక్షణాలు ఇవి.

* కాళ్ళు ఎడంగా వేసి తూలుతూ నడవడం
* వేలితో ముక్కును తాకబోయినపుడు గురి తప్పడం, గమ్యం దగ్గరపడే కొద్దీ చేతి వణుకు పెరగడం (పార్కిన్సన్ వ్యాధిలో వణుకు ముఖ్యంగా చేయి కదలకుండా ఉన్నపుడు కనిపిస్తుంది)
* అరచేతిని వెంటవెంటనే తిప్పలేకపోవడం
* కనుగుడ్లు అసంకల్పితంగా అదరడం

మద్యం కూడా చిన్నమెదడు పనిని తాత్కాలికంగా మందగింపజేస్తుంది. అందుకే తాగినవారి నడక, మాట ఇలాగే ఉంటాయి. ఈ పోలిక వలన అటాక్సియా ఉన్నవారిని తాగి ఉన్నారని పొరబడడం జరుగుతుంది. పక్షవాతం, కణితులు, గాయాలు, వంశపారంపర్య వ్యాధులు, దీర్ఘకాల మద్యపానం, కొన్ని మందులు దీనికి కారణాలు కావచ్చు. అకస్మాత్తుగా తూలడం, మాట ముద్దగా రావడం మొదలైతే అది మెదడులో రక్తప్రసరణ ఆగడం వలన కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కారణాన్ని బట్టి చికిత్స ఉంటుంది. వ్యాయామ చికిత్స, మాట చికిత్స చాలామందికి ఉపకరిస్తాయి.

చిన్నమెదడు లేకుండానే పుట్టి జీవించినవారు కూడా అరుదుగా ఉన్నారు. చైనాలో 24 ఏళ్ళ యువతికి పరీక్షలు చేసినపుడు ఈ సంగతి బయటపడినట్లు 2014లో వైద్యులు ప్రకటించారు. ఆమెకు ఆరేళ్ళ వరకు మాట సరిగా రాలేదు, ఏడేళ్ళ వరకు నడక రాలేదు. ఎదిగే వయసులో మెదడులోని ఇతర భాగాలు ఈ లోటును కొంతవరకు పూరించగలవని దీని వలన తెలుస్తున్నది.

పరిశోధన చరిత్ర

* 1824: ఫ్రాన్సు శాస్త్రవేత్త ఫ్లూరెన్స్ చిన్నమెదడు తొలగించిన పావురాలు కదలగలవని, కానీ పొందికగా కదలలేవని ప్రకటించాడు.
* 1837: చెక్ శాస్త్రవేత్త పర్కింజి తన పేరుతో పిలువబడుతున్న కణాలను వర్ణించాడు.
* 1888: స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ పక్షుల చిన్నమెదడును పరిశీలించి, నాడీకణాలు దేనికదే విడిగా ఉంటాయని చూపాడు.
* 1917: మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు తుపాకి గాయాలైన సైనికులను పరీక్షించి బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్ చిన్నమెదడు లక్షణాలను వివరంగా నమోదు చేశాడు.

ఇవి కూడా చూడండి

* మెదడు
* వెన్నుపాము
* అఫేజియా
* పార్కిన్సన్ వ్యాధి