కూలింది, కూల్చారు

‘కూలదోయడం’కి పర్యాయపదాలు రాయమంటే ఎవరైనా గబగబా ఓ పది రాసేస్తారు. పడగొట్టడం, పడదోయడం, బోర్లించడం, తిరగెయ్యడం, తలకిందులు చెయ్యడం, తారుమారు చెయ్యడం... పరీక్షలో అన్నిటికీ మార్కులు పడతాయి. చరిత్ర రాసేటప్పుడు మాత్రం వీటిలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టి చూడండి. నేరస్తుడు మారిపోతాడు. ఒక్కోసారి అసలు కనబడకుండానే పోతాడు.

తెలుగు క్రియల్లో ఈ వెసులుబాటు ఉంది. కూలు–కూల్చు, పడు–పడగొట్టు, ఒరుగు–ఒరగదోయు. జంటలో మొదటిది వాడితే ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. గోడ కూలింది అంటే వానకి నానిందేమో అనుకుని ఊరుకుంటాం. గోడ కూల్చారు అన్నామా, వెంటనే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుంది.

నేనీ మాటల లెక్క చూడ్డం మొదలుపెట్టింది మా పెద్దకడుబూరు వైపునుంచి. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ దగ్గర్లో, కన్నడ దేశం అంచున ఉన్న మండలం. ఇక్కడ ఒక్కో మాటకి రెండు మూడు ఇళ్లుంటాయి. పెనం మీద రొట్టెని తెలుగులో తిరగేస్తారు, కన్నడంలో మగుచుతారు. మన పాత కావ్యాల్లో మగుడు అంటే వెనక్కి తిరగడం. మనం బోర్లా పడితే వాళ్లు బోరలు పడతారు. మన తలకిందులు వాళ్లకి తలెకెళగు. ఉల్టా, పల్టీ ఉర్దూ ఇంటినుంచి వచ్చాయి. తారుమారు సంగతే తేలదు. పారశీకంలో తార్-ఒ-మార్ అంటే చెల్లాచెదురు. తమిళంలోనూ తాఱుమాఱు ఉంది. ఎవరి చుట్టమో పండితులు తేల్చుకుంటారు గానీ, ఆదోని చరిత్రకి అంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు.

ఆ చరిత్ర క్లుప్తంగా ఇది. ఆదవాని కోట విజయనగరానిది. 1565లో రక్కసి–తంగడి యుద్ధం అయిన కొన్నేళ్లకే బిజాపూర్ చేతికి పోయింది. తర్వాత మొఘలులు, తర్వాత నిజాం. 1786లో టిప్పు సుల్తాన్ నెలరోజులు ముట్టడించి పట్టుకున్నాడు, కోటగోడల్ని పడగొట్టించాడు. 1800లో నిజాం ఈ సీమ మొత్తాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు.

ఇప్పుడు మనం వాడే క్రియలు చూడండి. విజయనగరం ‘పతనమైంది’. పండి రాలిన పండులాగ, దానంతటదే. టిప్పు మాత్రం కోటని ‘పడగొట్టాడు’. 1800 నాటి లావాదేవీకైతే క్రియే మిగల్లేదు, ‘దత్త మండలాలు’ అన్న పేరొక్కటే మిగిలింది. దత్తం అంటే ఇచ్చినది. ఇచ్చినవాడెవడో, పుచ్చుకున్నవాడెవడో ఆ మాటలో లేరు. ఇవ్వబడ్డవాళ్ల ఊసు సరేసరి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్న పేరు పెట్టేదాకా నూటపాతికేళ్లకి పైగా ఆ ముద్రతోనే బతికాం.

వీటన్నిటికీ భిన్నమైంది తిరగబడటం. పడవ తిరగబడుతుంది, మనిషీ తిరగబడతాడు. పడవకి జరిగింది ప్రమాదం, మనిషి చేసింది తెగింపు. తిరుగుబాటు అన్న నామవాచకం మాత్రం మనిషికే దక్కింది. పడవ తిరుగుబాటు చేసిందని ఎవరూ అనరు. 1846లో కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. కంపెనీ ఆయన మీద మోపిన నేరాల్లో తిరుగుబాటుతో పాటు హత్యా, దోపిడీ కూడా ఉన్నాయి. 1847 ఫిబ్రవరిలో ఉరితీశారు. అదే పనికి కోర్టు కాగితంలో ఒక పేరు, పల్లెపాటలో ఇంకో పేరు. సంస్కృతంనుంచి తెచ్చుకున్న విప్లవానికి కూడా మొదట్లో కల్లోలం, ఉపద్రవం అన్న అర్థాలుండేవి. దాన్ని గౌరవంగా పలకడం మనకి ఇరవయ్యో శతాబ్దంలోనే బాగా అలవాటైంది.

మళ్లీ మా తాలూకాకి వస్తాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి జిల్లాని విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వచ్చాయి, మిగతావి మైసూరుకి పోయాయి. బళ్లారి వైపు చూసి బతికిన ఆదోని కర్నూలు జిల్లాలో చేరింది. కొత్త రాజధాని కూడా కర్నూలే. ఏడాది తిరిగీ తిరక్కుండానే, 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవ మీద టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. మన పుస్తకాలు చాలావరకు ‘ప్రభుత్వం పడిపోయింది’ అనే రాస్తాయి. నాకది తప్పనిపించదు. సభలో లెక్కపెట్టిన ఓట్లు అవి, ఎవరు ఎటు చెయ్యెత్తారో అందరూ చూశారు. ఓడిపోయి పడటంలో చాటుమాటు లేదు.

1984 అలా కాదు. ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికానుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు రాంలాల్ బర్తరఫ్ చేశాడు. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. బర్తరఫ్ అంటే పారశీకంలో ‘ఓ పక్కకి’. ఎంత మర్యాదైన మాట! జనం మర్యాద పాటించలేదు, ‘కూలదోశారు’ అన్నారు. తర్వాత్తర్వాత మాత్రం పత్రికల్లో ‘ఆగస్టు సంక్షోభం’ అన్న మాట స్థిరపడింది. సంక్షోభం వాతావరణం లాంటిది, వస్తుంది, పోతుంది, ఎవరూ తేరు. 1995 ఆగస్టు వచ్చేసరికి ఒకే ఘటనకి ఒక వర్గం ‘నాయకత్వ మార్పు’ అంది, ఇంకో వర్గం ‘వెన్నుపోటు’ అంది. ఇవాళ్టికీ ఎవరు ఏ మాట వాడతారో విని వాళ్ల పార్టీ చెప్పెయ్యొచ్చు. ఈ మధ్యలోనే, 1985లో, ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ‘ఫిరాయించు’ కూడా తిప్పడమే, హిందుస్తానీ ఫిరానా. ప్లేటు ఫిరాయించడం అన్న జాతీయం మనకుంది కాబట్టి ఆ చట్టం పేరు ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పనిలేకపోయింది.

పెద్ద పెద్ద ప్రభుత్వాల సంగతి వదిలేస్తే, నాకు ఎక్కువ కోపం తెప్పించే మాట బోల్తా. నిజానికి సరదా మాట. ‘నన్ను బోల్తా కొట్టించాడు’ అంటే మోసం చేశాడని. పత్రికల జిల్లా పేజీలోకి వచ్చేసరికి దాని పక్కన పడు మాత్రమే ఉంటుంది. ఆటో బోల్తా. కూలీల ట్రాక్టరు బోల్తా. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం మండలాలనుంచి ఏటా వేలమంది పత్తి తీతకీ, మిరప కోతకీ గుంటూరు వైపు వలసపోతారు. దాన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి కన్నడ మాట, కోతల కాలం, అక్కడ పండగ కూడా. కరువుకి ఊళ్లొదిలి పోవడానికి పండగ పేరు! పిల్లాజెల్లా, గిన్నెలూ, బియ్యం మూటలూ ఒకే బండిలో సర్దుకుని రాత్రంతా ప్రయాణం.

అలాంటి ఒక ప్రమాదం గురించి ఎమ్మిగనూరు బస్టాండులో ఒక పెద్దామెని అడిగాను. ‘ఆ బోల్తా పడ్డ బండిలో మీవాళ్లున్నారా అవ్వా?’ అని. ఆమె నా మొహంలోకి చూసి, ‘యాడ బోల్తా పడె నాయనా? బండి దానంతటది పడ్తాదా? పదిమంది పట్టేదాంట్లో ముప్పైమందిని ఎక్కిచ్చి పడేసినారు’ అంది. ఎక్కించినవాడి పేరు చెప్పింది, అతనికి ఎంత బాకీ ఉన్నారో చెప్పింది, ఆ ఏడు శెనగ ఎండిపోయిన సంగతీ చెప్పింది. మర్నాడు జిల్లా పేజీలో ఆ వార్త కొనసాగింపు చూశాను. పైన రెండు కాలమ్‌ల శీర్షిక, ‘బోల్తా ఘటనలో మరొకరు మృతి’.