శిశు ఆసనపు టెథర్ పట్టీ: చట్టం ఎవరిని ఆదేశించింది?

కారులో ముందువైపు తిరిగి ఉండే శిశు ఆసనపు పైభాగాన్ని వాహనంలోని కొక్కేనికి బిగించే పట్టీని టెథర్ అంటారు. ప్రమాద సమయంలో బిడ్డ తల మరీ ముందుకు విసిరినట్లు పోకుండా ఇది అడ్డుకుంటుంది. అమెరికాలో దీని వాడకం చట్టరీత్యా తప్పనిసరా అన్న ప్రశ్నకు సమాధానం ఆ నిబంధనల చరిత్రలో లభిస్తుంది.

1970 దశకంలో టెథర్ అవసరమైన ఆసనాలు విరివిగా ఉండేవి. అయితే చాలామంది తల్లిదండ్రులు దానిని బిగించేవారు కాదు. అందువల్ల 1981లో అమలులోకి వచ్చిన 213వ సమాఖ్య ప్రమాణం, టెథర్ లేకుండానే ఆసనం పరీక్షలో నెగ్గాలని నిర్దేశించింది. తల ముందుకు కదలడానికి 813 మిల్లీమీటర్ల హద్దు విధించింది. 1999 నాటి నిబంధనలు ఆ పరీక్షను కొనసాగిస్తూనే, టెథర్‌తో జరిపే పరీక్షకు 720 మిల్లీమీటర్ల హద్దును చేర్చాయి. 225వ ప్రమాణం కొత్త కార్లలో టెథర్ కొక్కేలను తప్పనిసరి చేసింది.

ఈ ప్రమాణాలు తయారీదారులకే వర్తిస్తాయి. తల్లిదండ్రులపై బాధ్యత మోపేవి రాష్ట్ర శాసనాలు. 1978లో టెనెసీలో అమలుకు వచ్చిన తొలి శాసనం తరువాత, 1985 నాటికి అన్ని రాష్ట్రాలూ ఇటువంటివి చేశాయి. వీటిలో పలు శాసనాలు టెథర్‌ను పేర్కొనవు. తయారీదారు సూచనల మేరకు ఆసనాన్ని అమర్చాలని మాత్రమే అంటాయి. అక్కడ సూచనల పుస్తకం టెథర్ బిగించమంటే, ఆ సూచనే చట్టపరమైన విధిగా మారుతుంది.

కాబట్టి శాసనంలో టెథర్ అన్న పదం లేకపోవడాన్ని మినహాయింపుగా భావించరాదు.